గిర్మిట్ నుంచి వీసా దాకా: ఒక కాగితం చరిత్ర

పదో తరగతి పరీక్షలకు ముందు ప్రతి ఏటా మా బడిలో ఒక పని ఉంటుంది. విద్యార్థి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ సరిచూసి నామినల్ రోల్ పంపాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పనిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు తల్లిదండ్రులే వచ్చి అడుగుతున్నారు. "సార్, ఇంటిపేరు నిండుగ రాయున్రి. రేపు పాస్‌పోర్టుల తేడ వస్తె తిప్పలైతది" అన్నాడు మొన్నొక తండ్రి. ఆయన దుబాయిలో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చినవాడు. కొడుకు ఏం చదవాలో ఇంకా తేలలేదు. అతని పేరు పరాయి దేశపు సరిహద్దు దగ్గర ఎట్లా కనబడాలో మాత్రం అప్పుడే తేలిపోయింది.

తెలుగు సాహిత్యం వలసను గురించి రాయలేదని ఎవరూ అనలేరు. పాలమూరు మట్టిపని, సూరత్, భివండీ మగ్గాలు, గల్ఫ్ ఎడారి, అమెరికా ఒంటరితనం అన్నీ కథల్లోకి, పాటల్లోకి వచ్చాయి. అయితే ఈ రచనల్లో ఎక్కువ భాగం వలసను రెండు చివరల నుంచే చూశాయి. ఒక చివర ఊరు విడిచిన దుఃఖం, మరొక చివర పరాయిచోటి కష్టమో విజయమో. ఈ రెండు చివరల నడుమ ఒక కాగితం ఉంది. ఆ కాగితం ఒకప్పుడు గిర్మిట్, తరువాత పాస్‌పోర్టు, ఆపైన వీసా. ఎవరు పోవాలో, ఎంతకాలం ఉండాలో, ఎవరి కింద పనిచేయాలో, ఏం చదవాలో, ఎప్పుడు తిరిగి రావాలో రాసింది అదే. దాని చరిత్ర తెలియకుండా వలస చరిత్ర అర్థం కాదు. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక సూత్రం కనబడుతుంది. శ్రమ కావాలి, శ్రమచేసే మనిషి మాత్రం ఉండిపోకూడదు. ఈ రెండు కోరికలను ఒకేసారి తీర్చడానికి పుట్టిన పత్రమే ఈ కాగితం.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిషేధం 1834లో అమలులోకి వచ్చింది. చెరుకు తోటలు మాత్రం అక్కడే ఉన్నాయి. బానిస పోయిన చోటికి ఒప్పందపు కూలిని తేవాలని తోటల యజమానులు నిర్ణయించుకున్నారు. మారిషస్‌కు ఆ ఏడాదే భారతీయ కూలీలు చేరడం మొదలైంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ తీరం నుంచి తెలుగువాళ్లు పోయారు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చేరిన మొదటి కూలీల ఓడ అది. అందులోనూ తెలుగువాళ్లున్నారు. ఫిజీకి కూలీల రవాణా 1879లో మొదలైతే, మద్రాసు నుంచి దక్షిణాది వాళ్లను తీసుకుపోవడం 1903లో ఆరంభమయింది.

ఈ కూలీలు వేలిముద్ర వేసిన 'అగ్రిమెంటు' వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. దాని గడువు ఐదేళ్లు. పని మానితే అది యజమానికీ కూలికీ మధ్య తగాదాగా ఉండదు, శిక్షపడే నేరమవుతుంది. కూలికి జైలు. నటాల్ ఓడల జాబితాల్లో ప్రతి కూలికీ ఒక సంఖ్య ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు వరసగా రాసి ఉన్నాయి. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. సొంత ఊళ్లో ఏ కవిలెలోనూ చోటు దొరకని నిరుపేదల పేర్లు సముద్రం దాటే సరుకుల పట్టీలోకి మాత్రం ఎక్కాయి. వాళ్ల మునిమనుమలు ఈనాడు తమ ఊరేదో తెలుసుకోవడానికి ఆ పట్టీలనే వెతుకుతున్నారు. యజమాని తన అవసరానికి రాసుకున్న లెక్క కూలివాని వంశానికి చరిత్ర అయింది.

ఐదేళ్లు నిండిన తరువాత ఏమిటి? అసలు పేచీ అక్కడే మొదలయింది. గడువు తీరిన కూలి కూరగాయలు పండించి, చిన్న దుకాణం పెట్టి అక్కడే ఉండిపోతానన్నాడు. నటాల్ పాలకులకు ఇది నచ్చలేదు. 1895లో చట్టం చేసి, గడువు తీరినా తిరిగిపోకుండా, మళ్లీ గిర్మిట్ రాయకుండా ఉండదలచిన వాని మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. నెలకు షిల్లింగుల లెక్కన కూలి దొరికే వాళ్లకది మోయలేని బరువు. 1913లో గనుల్లో, తోటల్లో వేలాదిమంది సమ్మె చేసిన తరువాతనే, 1914లో, ఆ పన్ను రద్దయింది.

సొంత ఖర్చులతో వచ్చే వర్తకులను ఆపడానికి నటాల్ 1897లో మరో చట్టం చేసింది. ఇది సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన చట్టం. భారతీయులు రాకూడదని అందులో ఎక్కడా లేదు. వచ్చేవాడు ఏదైనా ఒక యూరప్ భాషలో దరఖాస్తు రాయగలగాలని మాత్రమే ఉంది. జాతి అనే మాట రాయకుండా జాతిని ఆపే ఉపాయం ఇది. ఆస్ట్రేలియా 1901లో దీన్ని అందిపుచ్చుకుని డిక్టేషన్ పరీక్ష పెట్టింది. ఏ యూరప్ భాషలో చెప్పి రాయించాలో అధికారే ఎంచుకోవచ్చు. ఇంగ్లీషు వచ్చినవానికి అతనికి రాని మరో భాష చెప్పేవాళ్లు. ఆ పరీక్షకూ, ఈనాడు విదేశీ చదువుకు పోయే పిల్లలు రాసే ఇంగ్లీషు పరీక్షలకూ తేడా ఉంది. అది ఓడించడానికే పెట్టిన పరీక్ష. ఇప్పటిది చదివి, ఫీజు కట్టి నెగ్గవచ్చు. కానీ భాషను సరిహద్దు దగ్గర కావలి పెట్టవచ్చునన్న ఆలోచన మొదట పారింది భారతీయ వలసను ఆపే ప్రయత్నంలోనేనని మరచిపోరాదు.

సామ్రాజ్యపు ప్రజలందరూ సమానమేనన్నది ఆనాటి అధికారిక మాట. ఆ మాట ప్రకారం బ్రిటిష్ ఇండియా మనిషి కెనడాకు పోవచ్చు. 1908లో కెనడా ఒక నిబంధన తెచ్చింది. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా మారకుండా ఒకే ప్రయాణంలో రావాలన్నది ఆ నిబంధన. ఇండియా నుంచి అట్లా నేరుగా పోయే ఓడలు లేవని వాళ్లకు తెలుసు. 1914లో 'కొమగాటమారు' ఓడలో వాంకూవర్ రేవుకు చేరిన 376 మందిలో అతికొద్దిమందిని తప్ప కిందికి దిగనీయకుండా రెండు నెలలు నిలిపి వెనక్కి పంపారు. వాళ్లలో అత్యధికులు పంజాబీలు. ఈ ఘర్షణల నేపథ్యంలో, మొదటి ప్రపంచయుద్ధపు ఆంక్షల మధ్య, పాస్‌పోర్టు తప్పనిసరి అయింది. 1920లో ఇండియాలో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అంటే గిర్మిట్‌కు కట్టుబడ్డ కూలికి దశాబ్దాలపాటు సముద్రమంతా తెరిచే ఉంది. తన కాళ్లమీద తాను వచ్చిన మనిషికి మాత్రం రేవు మూసుకుంది.

ఏ కాగితమూ అక్కర లేని వలస కూడా ఒకటి మన చరిత్రలో ఉంది. అది బర్మా వలస. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు పోయేవారు. అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె ముగిసి పాతవాళ్లను తిరిగి తీసుకోగానే పని పోయిన బర్మా కూలీలకూ వీళ్లకూ కొట్లాట జరిగింది. అది నగరమంతా పాకి ఎందరినో బలిగొన్నది. ఇద్దరినీ ఒకే కూలికి పోటీ పెట్టినవాళ్లు ఆ కొట్లాటలో కనబడరు. 1937లో బర్మా వేరు దేశమయింది. 1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు. 1964లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేయడంతో మిగిలినవాళ్లలో చాలామంది చేతిసంచులతో ఓడలెక్కారు. విశాఖలోని బర్మా క్యాంపు వంటి పేర్లు ఆ రాకకు గుర్తులు. ఈ మనుషులు కదలకుండా ఉండగానే గీత వాళ్లను దాటిపోయింది. కాగితం లేకుండా పోగలగడం సుఖమే. కాగితం అడిగే రోజు వచ్చినప్పుడు చూపడానికి ఏమీ లేకపోవడం ఆ సుఖానికి వెల.

రంగూన్ సంపాదన ఒక తెలుగు విద్యార్థిని అమెరికా పంపింది. బర్మాలో ధనం గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో ధర్మసంస్థ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ సంస్థ సాయం చేస్తానన్న హామీతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరాడు. అప్పటికే అమెరికా 1917 చట్టంతో ఆసియాలో అధికభాగాన్ని నిషిద్ధ మండలం చేసింది. భారతీయ కూలీకి అక్కడ ప్రవేశం లేదు. విద్యార్థికి మాత్రం మినహాయింపు ఉంది. 'విద్యార్థి' అన్న మాట చదువుకునేవాని పేరు మాత్రమే కాకుండా, మూసిన తలుపులో మిగిలిన సందు పేరు కూడా కావడం అప్పటినుంచే మొదలయింది. హార్వర్డ్‌లో చదువుకుంటూ సుబ్బారావు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశాడు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. 1946లో చట్టం మారి ఏడాదికి వందమంది భారతీయులకు ప్రవేశం, ఉన్నవాళ్లకు పౌరసత్వపు అవకాశం వచ్చాయి. ప్రపంచానికి ప్రాణరక్షక ఔషధాలిచ్చిన పరిశోధనకు ఊపిరి పోసిన సుబ్బారావు 1948లో చనిపోయేనాటికీ అమెరికా పౌరుడు కాలేదు.

ఇక మన వరంగల్ విషయానికి వద్దాం. 1959లో ఇక్కడ రెండు సంస్థలు పుట్టాయి. ఒకటి రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల, రెండోది కాకతీయ వైద్య కళాశాల. తరువాత ఆరేళ్లకు, 1965 అక్టోబరులో, అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. జాతుల వారీ కోటా పోయి, నైపుణ్యానికి, కుటుంబ సంబంధానికి ప్రాధాన్యం వచ్చింది. పౌరహక్కుల ఉద్యమపు ప్రభావం ఈ మార్పులో ఉంది. దాన్ని కాదనలేం. కానీ అమెరికాకు అప్పుడు డాక్టర్ల కొరత కూడా ఉంది. మన జనం పన్నులతో చదివిన డాక్టర్లు ఆ కొరత తీర్చారు. కొరత తగ్గిందనుకోగానే 1976లో చట్టం చేసి విదేశీ వైద్యులకు దారి ఇరుకు చేశారు. తలుపు తీసిందీ మూసిందీ వాళ్ల లెక్క ప్రకారమే.

ఇదే కాలంలో, 1967లో, మన సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు చెప్పింది. విదేశాలకు పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు పాస్‌పోర్టు నిరాకరించరాదని సతవంత్ సింగ్ సాహ్నీ కేసులో తేల్చింది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. కాబట్టి బయలుదేరే హక్కు మనకుంది. చేరే హక్కును మాత్రం మన రాజ్యాంగం ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేచాయి. కోస్తా జిల్లాల ఓడల వలసలో పెద్దగా పాలు లేని తెలంగాణకు ఇది సముద్రం దాటిన మొదటి పెద్ద వలస. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వేలమంది విమానం ఎక్కారు. 1983 వలస చట్టం కూలిని కాపాడడానికి పాస్‌పోర్టు మీద తనిఖీ ముద్ర పెట్టింది. ఈనాటి నియమాల్లో ఆ ముద్రకు హద్దు పదో తరగతి. పాసైనవానికి ముద్ర లేదు, తప్పినవానికి ఉంది. మేము దిద్దే జవాబు పత్రాలు ఇట్లా సరిహద్దు దాకా పోతాయి. ముద్ర ఉన్నా కాపుదల అంతంతమాత్రమే. అక్కడ కఫీల్ చేతిలో కూలి పాస్‌పోర్టు ఉంటుంది. ఎక్కడైనా పనిచేసుకోవచ్చని ఏజెంటు లక్షలకు అమ్మిన 'ఆజాద్ వీసా'లో ఆజాదీ లేదు. ఆ వీసా మీద ఇంకొకరి దగ్గర పనిచేస్తే చట్టవిరుద్ధం. కాగితం చెడిపోయినవాణ్ని మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాట కరీంనగర్ పల్లెల్లో ఇప్పుడు తెలుగు మాటే. దాన్ని నిఘంటువులోకి ఎక్కించవలసిన పని మనది.

అమెరికా 1990 చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది. ఏడాదికి 65 వేలు పరిమితి. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ సమస్య, ఇంటర్నెట్ వ్యాపారాల విజృంభణ వచ్చినప్పుడు ఆ పరిమితిని లక్షా 95 వేల దాకా పెంచారు. 2004 నుంచి మళ్లీ 65 వేలకు దించి, అమెరికాలో పైచదువు చదివినవాళ్లకు మరో 20 వేలు చేర్చారు. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ. ఈ వీసా యజమాని పేరు మీద ఉంటుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా మరో దారి చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. గిర్మిట్‌లో పని విడిస్తే జైలు, ఇక్కడ పని పోతే గడువు. రెండూ ఒకటేనని నేను అనను. ఇంజనీరు బతుకు చెరుకుతోట కూలి బతుకు కాదు. అట్లా పోల్చడం చనిపోయిన కూలీలను అవమానించడమే. కానీ ఉండే హక్కును యజమానికి ముడివేయడం రెండింటిలోనూ ఉంది.

ఈ కాగితం చదువును ఎట్లా శాసిస్తుందో ఉపాధ్యాయులు తెలుసుకోవాలి. అమెరికాలో చదివిన విదేశీ విద్యార్థి ఆ చదువుకు సంబంధించిన పని ఏడాదిపాటు చేయవచ్చు. విజ్ఞానం, సాంకేతికం, ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్లకు 2008లో మరో 17 నెలలు కలిపారు. 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మొత్తం మూడేళ్లు. చరిత్ర చదివినవానికి లాటరీలో ఒకటి రెండు అవకాశాలైతే, కంప్యూటర్ చదివినవానికి మూడు నాలుగు. మరి భూమి కుదువబెట్టిన ఇంటి పిల్లవాడు చరిత్ర ఎట్లా చదువుతాడు? ఇక్కడ 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చదువు పేద ఇళ్లకు కూడా చేరింది. అది మంచిదే. ఆ చదువుకు తగిన పని ఇక్కడ పెరగలేదు. పిల్లలకు చదువు మీద ఇష్టం లేదని మనం నిందిస్తాం. ఇష్టపడే స్వేచ్ఛకు ఎంత ఖర్చవుతుందో లెక్క వేయం.

విద్యార్థి వీసా మీద మామూలుగా కళాశాల ఆవరణలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. ఇంటి దగ్గర వడ్డీకి అట్లాంటి పరిమితి లేదు. ఈ రెంటి మధ్య నలిగినవాళ్లు చీకటి పనుల్లోకి, దొంగ కళాశాలల్లోకి పోతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చేరినవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో పెద్దభాగం తెలుగువాళ్లు. కొందరి కాళ్లకు జాడ తీసే రేడియో పట్టీలు వేశారు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్నయితే అమెరికా ప్రభుత్వమే వలగా పన్నింది. తరగతులు లేవు, పంతుళ్లు లేరు. 2019 జనవరిలో వల లాగి విద్యార్థులను పట్టుకున్నారు. చేరినవాళ్లది తప్పు లేదని కాదు. తప్పు చేయడానికి బడిని కట్టి పెట్టిన రాజ్యాన్ని మనం ఏమనాలి?

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్ల జాతి ద్వేషపు తూటాకు బలయ్యాడు. భార్య అక్కడ ఉండే హక్కు భర్త వీసాకు ముడిపడి ఉంది కనుక, అతను చనిపోగానే ఆ హక్కు కూడా పోయింది. ఉద్యోగం ద్వారా శాశ్వత నివాసం కోరేవాళ్లలో ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల భారతీయులు ఏళ్లూ పూళ్లూ నిరీక్షించవలసి వస్తోంది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. మూడు పౌన్ల పన్నును ఎరిగినవాళ్లకు ఇది కొత్త వార్త కాదు.

ఇంతా విన్నాక, "మరి పోయినవాళ్లు బాగుపడలేదా?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దుబాయి డబ్బు చాలా ఊళ్లలో దొర గడి ముందు వంగిన నడుములను నిలబెట్టింది. వెట్టి చేసిన ఇంటి కొడుకు డాబా కట్టాడు. నటాల్ కూలీల బిడ్డలు అక్కడే నిలిచి 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకున్నారు. వలసపోయినవాడు ఒట్టి బాధితుడు మాత్రమే అయితే ఈ చరిత్ర ఇట్లా ఉండేది కాదు. కాగితం ఐదేళ్లే అన్నచోట అతను నాలుగు తరాలు నిలిచాడు. కాబట్టి రచయిత పట్టుకోవలసింది ఈ పెనుగులాటను. అది ఊరి మీది బెంగలో ఒదగదు, విజయగాథలో అంతకన్నా ఒదగదు. కాన్సులేటు కిటికీ ముందు రెండు నిమిషాలు నిలబడ్డ పిల్ల నోట తడి ఆరిపోవడం, వీసా కోసం తండ్రి ఖాతాలో నెలరోజులు నిలబెట్టిన అప్పు సొమ్ము, లాటరీ ఫలితం రాని రాత్రి, తల్లి చనిపోయినా కాగితం చెడుతుందని రాలేని కొడుకు - వీటిని అలంకారంగా కాక, నియమంతో సహా, గడువుతో సహా రాసే కథ కావాలి.

ఆ రోజు బడికి వచ్చిన తండ్రి మొదటిసారి దుబాయి పోయినప్పుడు ఆయన పాస్‌పోర్టు మీద తనిఖీ ముద్ర ఉండేదట. పదో తరగతిలో లెక్కలు తప్పాడు. "మావోనికి ఆ ముద్ర పడొద్దు సార్" అన్నాడు. పిల్లవాడు లెక్కల్లో ఫరవాలేదు. వానికి ఇష్టమైంది సాంఘికశాస్త్రం. నేను ఇంటిపేరును రెండుసార్లు అక్షరం అక్షరం సరిచూసి, సంతకం చేసి, రోల్ పంపాను.